రిపోర్టుల కవరూ, 14 అంకెల నంబరూ

2025 ఫిబ్రవరి మొదటి వారానికి దేశంలో తెరిచిన ఆభా ఖాతాలు (మనిషి ఆరోగ్య రికార్డులను జతపరిచే 14 అంకెల నంబరు) దాదాపు 74 కోట్లు. వాటికి జతపడిన ఆరోగ్య రికార్డులు 49 కోట్లు. కేంద్ర ప్రభుత్వం చెప్పిన లెక్కే ఇది. మొదటి అంకె ఒక్కటే చూస్తే దేశ జనాభాలో సగం మంది డిజిటల్ వైద్యంలోకి వచ్చేసినట్టు. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే 0.66 వస్తుంది. ఖాతాకు సగటున ఒక్క కాగితమైనా పడలేదన్నమాట. కొందరి ఖాతాల్లో పదీ పదిహేనూ ఉంటాయి గనక, ఏమీ లేని ఖాతాలు కోట్లలోనే ఉండాలి. కారణం వెతకడానికి దూరం పోనక్కర్లేదు. కోవిడ్ టీకాకు వెళ్లి ఆధార్ చూపించినవాళ్లలో చాలామందికి ఈ నంబరు తమకు తెలియకుండానే పుట్టింది. టీకా సర్టిఫికెట్టు మీద 14 అంకెలు ఉన్నాయని ఎంతమంది గమనించారు?

'ఎలక్ట్రానిక్ హెల్త్ రికార్డు' అన్న ఒక్క పేరు కింద మన దగ్గర కనీసం ఐదు రకాల సరుకు తిరుగుతోంది. ఎవరి అవసరానికి పుట్టింది, ఎవరి దగ్గర ఉంటుంది, ఆసుపత్రి గడప దాటాక పనికొస్తుందా అన్నవి ఒక్కోదానికి ఒక్కో తీరు. అన్నిటినీ ఒకే కుప్పగా లెక్కేసి 'ఇన్ని కోట్లు' అనేసరికి అసలు తేడా కనబడకుండా పోతుంది.

ఆ తేడా కనబడాలంటే జంగమకోటె లాంటి ఊరు మంచి చోటు. కర్ణాటకలో చిక్కబళ్లాపురం జిల్లా శిడ్లఘట్ట తాలూకాలో ఇదొక హోబళి (కొన్ని ఊళ్ల గుంపు) కేంద్రం. చాలా ఇళ్లలో తెలుగు, బడిలో కన్నడ, ఆసుపత్రి చీటీ మీద ఇంగ్లీషు. చుట్టూ మల్బరీ తోటలు, పట్టుపురుగుల షెడ్లు. గూళ్లు శిడ్లఘట్ట మార్కెట్టుకు పోతాయి. జబ్బు చేస్తే మనుషులు పోయే దారి మాత్రం ఒకటి కాదు. చిన్నదైతే దగ్గర్లోని ఆరోగ్య కేంద్రం, ఆపైన శిడ్లఘట్ట తాలూకా ఆసుపత్రి, ముదిరితే చిక్కబళ్లాపురమో కోలారో బెంగళూరో. ఇదే జిల్లాలో బాగేపల్లి వైపు వాళ్లయితే రాష్ట్రం దాటి ఆంధ్రలోని హిందూపురం, పుట్టపర్తి. గుండె ఆపరేషన్ ఉచితమని 1991లో తెరిచిన పుట్టపర్తి ఆసుపత్రికీ, 2001లో తెరిచిన బెంగళూరు వైట్‌ఫీల్డ్ ఆసుపత్రికీ ఈ చుట్టుపక్కల నుంచి బస్సెక్కేవాళ్లు ఎప్పుడూ ఉన్నారు.

ఇక్కడి 52 ఏళ్ల రైతు ఇల్లాలు ఒకామెను ఊహించుకుందాం. బీపీ ఉంది, రెండేళ్లుగా షుగరు. పురుగులకు ఆకు వేసి షెడ్డు ఊడ్చిన రోజున ఊపిరి బిగబడుతుంది. ఏడాదిలో ఆమె వివరాలు ఎన్ని చోట్ల ఎక్కుతాయో చూడండి. ఊళ్లో 30 ఏళ్లు దాటినవాళ్లకు బీపీ, షుగరు పరీక్షించే కార్యక్రమం ట్యాబ్‌లో ఒకటి. తాలూకా ఆసుపత్రి ఓపీ కౌంటరు కంప్యూటరులో రెండు. ప్రైవేటు ల్యాబ్ సాఫ్ట్‌వేరులో మూడు. కంటి శుక్లం ఆపరేషన్ పథకం కింద చేయించుకుంటే ఆ క్లెయిములో నాలుగు. ల్యాబ్ వాళ్లు వాట్సాప్‌లో పంపిన పీడీఎఫ్ బెంగళూరులో ఉన్న కొడుకు ఫోనులో, అది అయిదు. ఆరోది ప్లాస్టిక్ కవరు.

ఆ కవరు విప్పి చూస్తే ఒక కాలం కథ కనబడుతుంది. నాలుగు మడతలు పడిన ఎక్స్‌రే ఫిల్మ్. థర్మల్ కాగితం మీద తీసిన ఈసీజీ. గీతలు సగం వెలిసిపోయి ఉంటాయి, ఎందుకంటే ఆ కాగితం వేడికీ వెలుతురుకీ నిలవదు. పేరు గుర్తుండదని దాచిన ఖాళీ మాత్రల స్ట్రిప్. మూడు ఆసుపత్రుల చీటీల మీద మూడు రకాల స్పెల్లింగులతో ఆమె పేరు. మిగిలిన అయిదింటికీ కరెంటు కావాలి, పాస్‌వర్డు కావాలి. దీనికి ఏమీ అక్కర్లేదు. అందుకే ఆసుపత్రులు మారేటప్పుడు ఆమె వెంట బస్సెక్కేది ఈ ఒక్కటే.

ఆసుపత్రి గోడల లోపలిది

మొదటి రకం పేరు ఈఎంఆర్. ఒక ఆసుపత్రి తన రోగుల వివరాలు తన కంప్యూటర్లలో పెట్టుకునేది. ఇక్కడి పాల సంఘాల్లో సంఘం రిజిస్టరు వేరు, సభ్యుడి చేతిలోని పాల పుస్తకం వేరు. ఈఎంఆర్ సంఘం రిజిస్టరు లాంటిది. అందులో ఎంత నిక్కచ్చిగా రాసినా ఇంటికి తెచ్చుకునేది కాదు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో చాలాచోట్ల నడిచే, కేంద్ర ప్రభుత్వ కంప్యూటరు సంస్థ నిక్ వారి ఈ-హాస్పిటల్ కూడా ప్రధానంగా ఈ జాతిదే.

గోడల లోపల ఇది ఎంత బాగా పనిచేయగలదో తెలుగు నేల మీద చూపించింది హైదరాబాదు ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి. 1987లో పుట్టిన ఆ సంస్థ 2010లో 'ఐస్మార్ట్' పేరుతో సొంత రికార్డు వ్యవస్థ పెట్టుకుంది. కంటి వైద్యుడికి అక్కర్లేని గడులు లేకుండా, కంటి వైద్యం కోసమే కట్టిన వ్యవస్థ అది. తర్వాతి ఏళ్లలో 20 లక్షలకు పైగా రోగుల వివరాలను ఒక్కచోట పెట్టి ఏ వయసులో ఏ కంటి జబ్బు వస్తోందో అక్కడి వైద్యులు పత్రాలు రాయగలిగారు. కాగితం ఫైళ్లతో ఆ పని చేయాలంటే ఒక తరం పట్టేది. కానీ అదే రోగి మోకాలి నొప్పికి పక్క వీధి ఆసుపత్రికి వెళితే ఈ 20 లక్షల రికార్డుల్లో ఆమెది ఉన్నా లేనట్టే.

ఇంకో ప్రమాదమూ ఉంది. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ మీద సైబర్ దాడి జరిగింది. 5 సర్వర్లలోని 1.3 టెరాబైట్ల సమాచారానికి దాడి చేసినవాళ్లు తాళం వేసేశారు. రెండు వారాల పాటు దేశంలోని పెద్ద ఆసుపత్రుల్లో ఒకటి చేతిరాత చీటీల మీద నడిచింది. అంతా ఒకచోట కుప్ప పోస్తే దొంగకూ ఒక్కచోటే పని.

డబ్బు చుట్టూ అల్లినది

రెండో రకాన్ని ఎవరూ రికార్డు అని పిలవరు, కానీ మన రాష్ట్రాల్లో అన్నిటికంటే ముందు ఊరూరికీ చేరిన ఎలక్ట్రానిక్ వైద్య సమాచారం అదే: చికిత్స ఖర్చు ప్రభుత్వం కట్టే పథకాల క్లెయిము. 2007 ఏప్రిల్ 1న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ మొదలైంది. మొదటి మూడు జిల్లాలు అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం. అనంతపురం అంటే అప్పట్లో బాగేపల్లికి ఎల్ల అవతలి జిల్లాయే. ఆపరేషన్‌కు ముందు పరీక్షల ఫలితాలు ఆన్‌లైన్‌లో పంపాలి, అవతల డాక్టర్లు చూసి అనుమతి ఇవ్వాలి, అయ్యాక డిశ్చార్జి కాగితాలు ఎక్కించాలి. ఆసుపత్రి కౌంటరులో రోగికి సాయంగా ఆరోగ్యమిత్ర. 2007లో ఇంత పని కంప్యూటరు మీద నడిపించడం చిన్న సంగతి కాదు. దీన్ని మన డిజిటల్ ఆరోగ్య చరిత్రలో మొదటి అధ్యాయంగా చెప్పుకోకపోవడం నాకెప్పుడూ వింతగానే ఉంటుంది.

ఎల్లకు ఇవతల 2018లో ఆరోగ్య కర్ణాటక వచ్చింది, అదే ఏడాది ఆయుష్మాన్ భారత్‌తో కలిసింది. బీపీఎల్ కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల దాకా, మిగతావాళ్లకు చికిత్సకు కట్టిన ప్యాకేజీ ధరలో 30 శాతం, ఏడాదికి 1.5 లక్షలు దాటకుండా.

క్లెయిములో ఉండేవి ఆ ఒక్క చికిత్స కాగితాలు, జబ్బు కోడు, ప్యాకేజీ, తారీఖులు, మొత్తం. లేనివే మన ఇల్లాలికి కావలసినవి: రోజూ మింగే మాత్ర, గత నెల బీపీ, పడని మందు. ఎందుకు ఉంటాయి? ఆ రికార్డుకు యజమాని డబ్బు కట్టేవాడు. పైగా ప్యాకేజీ కింద చికిత్స అయినవాళ్లే అందులో ఉంటారు. ఆసుపత్రిలో చేరకుండా మాత్రలతో బతుకు లాగించే లక్షల మంది దాని లెక్కలోకే రారు. క్లెయిముల అంకెలు చూపి 'ఈ జిల్లాలో ఈ జబ్బు ఎక్కువ' అని ఎవరైనా చెబితే కాస్త ఆగి వినాలి. ఏ చికిత్సకు ప్యాకేజీ ఉందో ఆ చికిత్సే అక్కడ కనబడుతుంది.

పావు నిమిషమా, మూడు నిమిషాలా

మూడో రకం కార్యక్రమాల రిజిస్టర్లు. ఒక్కో జబ్బుకు, ఒక్కో అవసరానికి ఒక్కో పోర్టల్. గర్భిణికి తాయి కార్డు, వెనకాల ఆర్‌సీహెచ్ నంబరు. క్షయకు 2012 నుంచి నిక్షయ్. బీపీ, షుగర్లకు ఎన్‌సీడీ పోర్టల్. కర్ణాటకలో మానసిక ఆరోగ్యానికి 2020 నుంచి ఈ-మానస్. 2024లో కోలారు జిల్లాలో మొదలుపెట్టిన గృహ ఆరోగ్యలో ఇంటి గుమ్మం దగ్గరే పరీక్షలు. ఇన్నింటిలో ఎక్కించే చేతులు మాత్రం కొన్నే: నర్సు, ఆరోగ్య కార్యకర్త, వెంట ఆశా.

వీటిలో నిక్షయ్‌ను వేరుగా చూడాలి. క్షయ రోగి ఈ జిల్లాలోని చింతామణిలో మందు మొదలుపెట్టి కూలికి హిందూపురం పోతే అతని పేరును అక్కడి కేంద్రానికి బదిలీ చేయవచ్చు. రాష్ట్రం మారినా రికార్డు ఒకటే. దానికి డబ్బు కూడా కట్టి ఉంది: పోషణకు నెలకు ఇచ్చే సొమ్ము 2018లో 500 రూపాయలు, 2024 నవంబరు నుంచి 1,000. పేరు ఎక్కకపోతే సొమ్ము రాదు గనక రోగే అడిగి ఎక్కించుకుంటాడు. బీపీ రోగికి అలా అడిగే పనే లేదు.

ఇక నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచే లెక్క. మైదాన ప్రాంతంలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం కింద ఉండవలసిన జనం 30,000. అందులో 20 దాటినవాళ్లు 20,000 అనుకుందాం. 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం ప్రకారం దేశంలో ఆ వయసువాళ్లలో షుగరు 11.4 శాతం మందికి, బీపీ 35.5 శాతం మందికి. అంటే ఒక్క కేంద్రం కింద షుగరువాళ్లు 2,280, బీపీవాళ్లు 7,100. పల్లెల్లో శాతం కొంత తక్కువ, తెలిసినవాళ్లంతా రారు కూడా. బీపీవాళ్లలో సగమే వస్తారనుకున్నా నెలకు 3,550 మంది. 25 పనిదినాలకు పంచితే రోజుకు 142.

ఒక్కొక్కరి వివరాలు ఎక్కించడానికి 3 నిమిషాలు పడితే 142 మందికి 426 నిమిషాలు, అంటే ఏడు గంటల పైచిలుకు. ఒక నర్సు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇంకేం పని చేయకుండా టైపు చేస్తూ కూర్చోవాలి. అదే పావు నిమిషం పడితే 35 నిమిషాల 30 సెకండ్లు.

పావు నిమిషం ఊహ కాదు. 2017లో మొదలైన భారత అధిక రక్తపోటు నియంత్రణ కార్యక్రమంలో వాడే 'సింపుల్' అనే యాప్‌లో పాత రోగి మళ్లీ వచ్చినప్పుడు వివరాలు ఎక్కించడానికి నర్సుకు పట్టే సమయం దాదాపు అంతే. ఎలా సాధ్యమైందంటే, అడిగేది తక్కువ. బీపీ ఎంత, మాత్రలు ఏవి, మళ్లీ ఎప్పుడు రావాలి. రోగి చేతిలో క్యూఆర్ కోడ్ ఉన్న కార్డు; స్కాన్ చేస్తే పేరు వెతికే పని లేదు. నెట్ లేకపోయినా పనిచేస్తుంది, సిగ్నల్ దొరికినప్పుడు పైకి పోతుంది. గుట్టల మధ్య ఊళ్లున్న బాగేపల్లి తాలూకాలో ఈ చివరి సంగతి మిగిలినవాటన్నిటికంటే పెద్దది.

'అన్ని వివరాలూ ఉన్న రికార్డు మంచిది' అన్న మాట కార్యాలయంలో కూర్చున్నవాళ్లకు సహజంగా తోస్తుంది. ఫారంలో ఇంకో గడి చేర్చడానికి పైన ఖర్చు లేదు. ఆ ఖర్చంతా కింద నర్సు సమయంలోంచి పోతుంది. 67 దేశాల్లో డాక్టరు ఒక్కో రోగికి ఇచ్చే సమయాన్ని పోల్చిన ఒక అధ్యయనం 2017లో వచ్చింది. బంగ్లాదేశ్‌లో 48 సెకండ్లు, మన దేశంలో రెండు నిమిషాల చిల్లర, స్వీడన్‌లో 22.5 నిమిషాలు. స్వీడన్ కోసం కట్టిన ఫారం ఇక్కడ పెడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు: గడులు నిండుతాయి, అందులో ఉన్నది నిజం కాదు. వరసగా వంద మందికి బీపీ 120/80 అని ఉంటే ఆ నర్సును తిట్టే ముందు ఆమె ఎన్ని యాప్‌లు నింపుతోందో అడగాలి.

డబ్బుండీ ఇదే తిప్పలు పడ్డవాళ్లున్నారు. అమెరికాలో కనీస స్థాయి ఎలక్ట్రానిక్ రికార్డులున్న ఆసుపత్రులు 2008లో 9.4 శాతం. 2009లో చట్టం చేసి వేల కోట్ల డాలర్ల ప్రోత్సాహకాలు కుమ్మరించాక 2015కు 83.8 శాతం. ఏడేళ్లలో దాదాపు తొమ్మిది రెట్లు. మరుసటి ఏడాది 57 మంది డాక్టర్లను పక్కనే నిలబడి గమనించిన ఒక అధ్యయనం వచ్చింది: రోగితో గడిపే ప్రతి గంటకూ కంప్యూటరుతో, కాగితాలతో దాదాపు రెండు గంటలు. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చదవాలి.

అతికించే దారం

నాలుగో రకమే అసలు ఈహెచ్ఆర్ అనదగ్గది: ఆసుపత్రి ఏదైనా ఆ మనిషి వివరాలన్నీ ఒక వరసలో కనబడేది. మన దేశంలో దానికి పెట్టిన పేరు ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్. 2020 ఆగస్టు 15న ఆరు కేంద్రపాలిత ప్రాంతాల్లో ప్రయోగంగా, 2021 సెప్టెంబరు 27న దేశమంతటా. 2022 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం ఐదేళ్లకు 1,600 కోట్ల రూపాయలు కేటాయించింది. జనాభాతో భాగిస్తే తలకు ఏడాదికి రెండు రూపాయల పైచిలుకు. ఆ సొమ్ములో అందరి రికార్డులూ ఒక్కచోట పెట్టే గోదాము కట్టలేరు, కట్టాలనుకోలేదు కూడా.

ఇక్కడే చాలామంది పొరబడతారు. ఆభా నంబరు చెప్పగానే డాక్టరు తెర మీద అంతా ప్రత్యక్షమవుతుందనుకుంటారు. జరిగేది వేరు. పుట్టపర్తిలో తీసిన రికార్డు అక్కడి సర్వరులోనే ఉంటుంది. అది ఈ మిషన్‌తో కలిసిన ఆసుపత్రి అయి ఉండి, రికార్డును మీ ఆభాకు జతచేసి ఉంటే, 'ఫలానావారి డిశ్చార్జి సమ్మరీ మా దగ్గర ఉంది' అన్న ఆచూకీ మాత్రం దారానికి ముడిపడుతుంది. శిడ్లఘట్ట డాక్టరుకు కావాలంటే ఆయన తన సాఫ్ట్‌వేరు నుంచి అడగాలి. ఎందుకోసం, ఏ తారీఖు నుంచి ఏ తారీఖు దాకా, ఏ రకం కాగితాలు, ఎన్నాళ్లు చూస్తారు అన్నవన్నీ మీ ఫోనుకు వస్తాయి. మీరు ఒప్పుకుంటేనే ఒకచోటి నుంచి ఇంకోచోటికి రికార్డు వెళుతుంది. తర్వాత వద్దనుకుంటే ఒప్పుకోలును వెనక్కి తీసుకోవచ్చు.

పద్ధతిగా చూస్తే ఇది బాగుంది. భాష గొడవ కూడా తగ్గుతుంది, ఎందుకంటే జబ్బు పేర్లు, పరీక్షల పేర్లు ప్రామాణిక కోడ్‌లలో పోవచ్చు. కన్నడలో నమోదైన షుగరు తెలుగు జిల్లాలో షుగరుగానే తెరుచుకుంటుంది. ఈ ప్రమాణాలను కేంద్రం 2013లో ప్రకటించి 2016లో సవరించింది.

ఆచరణలో తడబడేది ఫోను దగ్గర. ఓటీపీ ఎవరికి వస్తుంది? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల మహిళల్లో తాము సొంతంగా వాడుకునే ఫోను ఉందన్నవాళ్లు 54 శాతం. మన ఇల్లాలి వయసు ఆ లెక్క దాటిపోయింది, పరిస్థితి అంతకంటే మెరుగ్గా ఉంటుందని నమ్మే కారణం లేదు. ఆమె ఆభాకు ఇచ్చిన నంబరు కొడుకుది. కొడుకు వైట్‌ఫీల్డ్‌లో షిఫ్టులో ఉంటాడు. డాక్టరు దగ్గర ఉన్నవి రెండు నిమిషాలు. రెండు నిమిషాల్లో ఓటీపీ రాకపోతే ఆ కవరులోంచే చీటీ తీస్తారు.

ప్రోత్సాహకం కూడా ఒక వైపుకే ఒరిగింది. 2023 జనవరి 1 నుంచి అమలైన పథకంలో రికార్డులు జతచేసే ఆసుపత్రులకు నెలకు ఒక కనీస సంఖ్య దాటాక ఒక్కో లావాదేవీకి 20 రూపాయల వరకు ఇచ్చేలా పెట్టారు, మొత్తం గరిష్ఠం 4 కోట్లు. జతచేసినందుకే ఆ డబ్బు. జతచేసినదాన్ని ఇంకో ఊరి డాక్టరు తెరిచి, చూసి, మళ్లీ అదే స్కాన్ రాయకుండా మానేస్తే అందులో ఎవరికీ పైసా లేదు. రోగికి మిగిలేదంతా అక్కడే ఉంది. 2022 అక్టోబరులో ఢిల్లీలో మొదలైన 'స్కాన్ అండ్ షేర్' కూడా ఇలాంటిదే. ఓపీ కౌంటరు దగ్గర కోడ్ స్కాన్ చేస్తే టోకెన్ వస్తుంది, క్యూ తగ్గుతుంది. కాళ్లనొప్పులతో నిలబడేవాళ్లకు అది గొప్ప మేలే, కాదనను. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక రెండూ ఇందులో ముందున్న రాష్ట్రాలే. అయినా టోకెను టోకెనే, అందులో వైద్య సమాచారం ఏమీ లేదు.

ఇదే పని పూర్తిగా చేసి చూపిన దేశం ఎస్తోనియా. 2008 నుంచి అక్కడ దేశమంతటికీ ఒకే ఆరోగ్య సమాచార వ్యవస్థ. తన రికార్డు ఎవరెవరు, ఎప్పుడు తెరిచారో ప్రతి పౌరుడూ చూసుకోవచ్చు. దాన్ని మెచ్చుకునేటప్పుడు ఒక అంకె గుర్తుంచుకోవాలి: ఆ దేశ జనాభా 14 లక్షల లోపు. 2011 లెక్కల్లో ఒక్క చిక్కబళ్లాపురం జిల్లా జనాభా 12.55 లక్షలు.

ఎవరి చేతిలో ఉంటే వారిది

ఐదో రకం పీహెచ్ఆర్, మనిషి తన దగ్గర తాను పెట్టుకునేది. ఆభా యాప్ ఒక రూపం, డిజిలాకర్ ఒక రూపం, వాట్సాప్‌లో పడి ఉన్న పీడీఎఫ్ ఇంకో రూపం. ప్లాస్టిక్ కవరు కూడా ఈ జాతిదే. నిపుణులు నవ్వవచ్చు గానీ, జిల్లాలూ రాష్ట్రాలూ దాటే పరీక్షలో ఈ ఐదింటిలో ఇప్పటిదాకా నెగ్గింది అదే.

దాన్ని నింపుకునే హక్కు మాత్రం చాలామందికి తెలియదు. 2002 నాటి వైద్య మండలి నియమాల ప్రకారం ఇన్‌పేషెంటు రికార్డులను డాక్టరు 3 ఏళ్లు భద్రపరచాలి. రోగిగానీ, రోగి తరఫు వారుగానీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. 2016 ప్రమాణాల్లో ఆ సమాచారం రోగిదేననీ, ఆసుపత్రి ధర్మకర్తగా మాత్రమే దాచి ఉంచుతుందనీ ఉంది. 2023 ఆగస్టులో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, 2025 నవంబరులో దాని నియమాలు వెలువడ్డాయి. అవి విడతల వారీగా అమల్లోకి వస్తాయి. మూడేళ్లు అన్న అంకెను మరోసారి చూడండి. పుట్టపర్తిలో గుండె వాల్వు మార్పించుకున్న మనిషి ముప్పై ఏళ్లు బతకవచ్చు. నాలుగో ఏట అడిగితే దొరుకుతుందన్న హామీ నియమంలో లేదు. అందుకని డిశ్చార్జి రోజునే అడగాలి. ప్రింటు ఇచ్చినా పీడీఎఫ్ కూడా అడగాలి. ఈసీజీని మాత్రం ఇంటికి చేరేలోపే ఫోనులో ఫొటో తీసుకోవాలి, ఆ గీతలు వెలిసిపోతాయి గనక.

ఐదు రకాల్లో ఏది మంచిదని అడిగితే ఎవరికి అని ఎదురు అడగాల్సి వస్తుంది. ఆసుపత్రిలో చేరినవాళ్లకు ఈఎంఆర్ ప్రాణం కాపాడుతుంది. క్షయకు నిక్షయ్ లాంటిది ఇంకోటి లేదు. నెలనెలా మాత్రకు వచ్చే బీపీ మనిషికి కొద్దిపాటి గడుల యాప్, కార్డు చాలు. రెండు రాష్ట్రాల మధ్య తిరిగేవాళ్లకు ఆభా దారం కావాలి, కానీ రెండు కొసల ఆసుపత్రులూ దానికి ముడి వేసినప్పుడే. అప్పటిదాకా కవరును తీసివేయమని ఎవరు చెప్పినా వినవద్దనే నేనంటాను. ఆభాకు ఇచ్చే ఫోను నంబరు మాత్రం రోగి చేతిలో ఉండే ఫోనుదై ఉండాలి. తప్పుగా ఇచ్చి ఉంటే మార్పించుకోవచ్చు.

కవరులో కాగితాలు ఎక్కువై డాక్టరు చూడకపోవడం అసలు చిక్కు. దీనికి ప్రపంచం 2021లో ఒక ప్రమాణం రాసుకుంది, దేశం దాటే రోగికి వెంట ఉండవలసిన సంక్షిప్త రికార్డు ఎలా ఉండాలని. అందులో తప్పనిసరి భాగాలు మూడే: ఉన్న జబ్బులు, వాడుతున్న మందులు, పడనివి (మందులైనా, ఇంకేవైనా). సాఫ్ట్‌వేరు వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ఆరోగ్య కేంద్రంలో నర్సమ్మను అడిగితే అర తెల్లకాగితం మీద ఇంగ్లీషులో రాసిస్తారు. కవరులో అన్నిటికంటే పైన పెట్టుకోవచ్చు. మన ఇల్లాలికైతే ఇంకో వరస కూడా రాయించాలి: పట్టుపురుగుల షెడ్డులో ఎన్నేళ్ల నుంచి పని చేస్తోంది. పట్టు పనివాళ్లలో ఆస్తమా తెలిసిన సంగతే. ఆ వరస కనబడితే ఆమె ఊపిరి బిగబడడానికి చిక్కబళ్లాపురంలో రాసే పరీక్షలు వేరుగా ఉంటాయి.